మోగ్లీ మీద మీ ప్రశ్నలు: చిరుతలు, ఏనుగులు, ఇంకా ఆ ఎద్దు బాకీ

పోయిన నెల ఈ కాలమ్‌లో, సెలవల్లో పిలకాయలకి చదివి వినిపించే పుస్తకాల్లో జంగిల్ బుక్ కూడా పెట్టుకోండి అని ఒక్క ముక్క రాశా. అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌ల్లో సగం దాని గురించే. తోడేళ్ళు పెంచిన పిల్లోడి మీద మన తిరుపతి, చిత్తూరు వాళ్ళకి ఇన్ని డౌట్లు ఉన్నాయా అని నాకే ఆశ్చర్యమేసింది. సరే, ఈ నెల మిగతావన్నీ పక్కనపెట్టి ఇదొక్కటే పట్టుకుంటున్నా, ఊరగాయ ప్రశ్నలు పంపినోళ్ళు తిట్టుకోకండి, వచ్చే నెల మీదే.

అక్కా, మా పాపకి 7 ఏళ్ళు. మోగ్లీ సినిమా ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. పుస్తకం తెచ్చి చదవడం మొదలుపెడితే "ఇది మోగ్లీ కాదు, కా మంచి పాము ఎట్లవుతుంది, కోతుల రాజు ఏడి" అని ఒకటే గొడవ. ఏది కరెక్ట్? — ఒక అమ్మ, తిరుపతి

పాప భలే పట్టుకుందమ్మా. పుస్తకమే ముందు. రుడ్యార్డ్ కిప్లింగ్ 1894లో మొదటిది, 1895లో రెండోది రాశాడు, డిస్నీ వాళ్ళ కార్టూన్ సినిమా 1967లో వచ్చింది, అందులో చాలా మార్చేశారు. పుస్తకంలో కా అనే కొండచిలువ విలన్ కానే కాదు, కోతులు మోగ్లీని ఎత్తుకుపోతే ఎలుగుబంటి బాలూ, నల్ల చిరుత బగీరా పోయి బతిమాలుకునేది దాన్నే, కాపాడేది కూడా అదే. కోతుల రాజు అసలు లేడు. ఆ కోతులకి రాజు లేడు, కట్టుబాటు లేదు, ఒక పని మొదలుపెట్టి సగంలో మర్చిపోయి ఇంకోటి పట్టుకుంటాయి, అందుకే అడివిలో వాటిని ఎవరూ లెక్కచెయ్యరు, కిప్లింగ్ చెప్పిన పాయింటే అది. సినిమాలో వాటికి రాజుని పెట్టి డాన్స్ కట్టించారు, బాగానే ఉంటుంది, కాదన్ను, కానీ అది వేరే కథ.

ఇంకోటి కూడా చాలామందికి తెలీదు, మొదటి పుస్తకంలో 7 కథలుంటే మోగ్లీవి 3 మాత్రమే. మిగతా వాటిలో తెల్ల సీల్ ఉంది, ఏనుగుల డాన్స్ చూసిన మావటి కొడుకు ఉన్నాడు, ఒక ఇంటిని నాగుపాముల నుంచి కాపాడిన ముంగిస ఉంది. మీ పాపకి ముందు ఆ ముంగిస కథ చదవండి, సినిమాతో పోలిక రాదు కాబట్టి గొడవ ఉండదు. తర్వాత మెల్లగా మోగ్లీలోకి రండి. 7 ఏళ్ళకి మీరు చదివి వినిపించాలి, తనంతట తను చదవాలంటే 10, 11 రావాల్సిందే, ఆ ఇంగ్లీషు పాతది, కొంచెం గట్టిగానే ఉంటుంది. దూరదర్శన్‌లో 1993లో ఆదివారం పొద్దున్నే వచ్చిన సీరియల్ మీకు గుర్తుంటే అది జపాన్ వాళ్ళు తీసిన యానిమేషన్, అదీ పుస్తకం కాదు.

మేడమ్, మాది అలిపిరి దగ్గరే. మా బాబుకి 8 ఏళ్ళు, మొన్నటిదాకా బగీరా అంటే ప్రాణం. నడకదారిలో చిరుత సంగతి ఎవరో చెప్పినప్పట్నుంచి "బగీరా పిల్లల్ని చంపేస్తుందా" అని రాత్రుళ్ళు అడుగుతున్నాడు. ఏం చెప్పాలి? పుస్తకం దాచేద్దామా? — తిరుపతి నుంచి ఒక తండ్రి

దాచొద్దండి. దాచితే వాడికి భయం ఇంకా పెరుగుతుంది.

2023 ఆగస్టులో ఆ నడకదారిలో 6 ఏళ్ళ పాప పోయింది, ఈ ఊళ్ళో ఉన్న ఏ అమ్మానాన్నా దాన్ని మర్చిపోలేరు. తర్వాత బోన్లు పెట్టడం, చిరుతల్ని పట్టడం, భక్తుల చేతికి కర్రలివ్వడం, 15 ఏళ్ళలోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 తర్వాత నడకదారిలోకి వదలకపోవడం, ఇవన్నీ మనం చూసినవే. కాబట్టి "చిరుత ఏమీ చెయ్యదులే నాన్నా" అని అబద్ధం మాత్రం చెప్పొద్దు. బగీరా నల్లగా ఉన్నా అదీ చిరుతే, వేరే జాతి కాదు, ఒంట్లో నలుపు ఎక్కువై మచ్చలు కనిపించవంతే, ఎండలో సరిగ్గా చూస్తే ఆ మచ్చలు లోపల ఉంటాయి. ఈ ముక్క బాబుకి చెప్పండి, పిలకాయలకి ఇలాంటివి భలే ఇష్టం.

పుస్తకంలో బగీరా సినిమాలో లాగా ముద్దు చేసుకునే జంతువు కాదు. ఉదయపూర్ రాజు ప్యాలెస్‌లో బోనులో పుట్టింది, తల్లి ఆ బోనులోనే చచ్చిపోయింది, ఒకరోజు తాళం విరగ్గొట్టుకుని అడివిలోకి పారిపోయింది, మెడపట్టీ రాపిడికి వెంట్రుకలు ఊడిపోయిన చోటు ఇప్పటికీ దవడ కింద ఉంటుంది, మోగ్లీకి తప్ప ఆ సంగతి ఎవరికీ చెప్పదు. మనుషులెట్లాంటోళ్ళో తెలిసిన చిరుత అన్నమాట, అందుకే వాళ్ళ జోలికి పోదు.

అసలు మీ బాబు ప్రశ్నకి జవాబు పుస్తకం మొదట్లోనే ఉంది, షేర్ ఖాన్ అనే పులి వేట చోటు మార్చి ఇటొస్తున్నాడని నక్క చెప్పే దగ్గర. అడివి చట్టం ప్రకారం ఏ జంతువూ మనిషిని తినకూడదు. ఎందుకంటే, మనిషిని చంపితే ఇవాళ కాకపోతే రేపు ఏనుగులెక్కి తుపాకులు పట్టుకుని తెల్లోళ్ళు వస్తారు, వాళ్ళ వెనక డప్పులు, కాగడాలతో వందల మంది వస్తారు, అప్పుడు అడివిలో అందరూ చావాల్సిందే. జంతువులు మాత్రం పైకి ఇంకో కారణం చెప్పుకుంటాయి, మనిషి అన్నిటికన్నా బలహీనమైన ప్రాణి, వాణ్ణి కొట్టడం మగతనం కాదు అని. నాకైతే ఈ రెండు కారణాలూ పక్కపక్కన పెట్టడమే ఈ పుస్తకంలో అన్నిటికన్నా తెలివైన చోటు అనిపిస్తుంది. చదివి, బాబునే అడగండి, మన శేషాచలంలో చిరుత కిందకి ఎందుకొస్తుంది, మెట్ల పక్కన తిండి పారేస్తే కుక్కలు, పందులు వస్తాయి కదా, వాటి వెనక ఎవరొస్తారు అని. వాడే చెప్తాడు. రాత్రుళ్ళు మాత్రం చదవొద్దు, పగలు చదవండి, పడుకునేముందు ఏదైనా నవ్వొచ్చేది పెట్టుకోండి.

నేను స్కూల్ టీచర్‌ని. క్లాసులో పిల్లలు "సార్ నిజంగా తోడేలు మనిషి బిడ్డని పెంచుతుందా" అన్నారు. ఇంటర్నెట్‌లో చూస్తే అవుననీ ఉంది కాదనీ ఉంది. — చంద్రగిరి

సార్, సూటిగా చెప్పాలంటే రుజువైన కేసు అంటూ ఒక్కటీ గట్టిగా నిలబడలేదు. కథలు మాత్రం బోలెడు. దారిదోపిడీలు చేసే థగ్గుల్ని పట్టుకున్నాడని పేరున్న స్లీమన్ దొర అవధ్ వైపు తోడేళ్ళ గుహల్లో దొరికారని జనం చెప్పిన పిల్లల సంగతులు పోగుచేసి 1852లో ఒక చిన్న పుస్తకంగా వేయించాడు. తర్వాత ఆగ్రా దగ్గర సికంద్రా అనాథాశ్రమంలో శనిచర్ అనే పిల్లోడు పెరిగాడు, 1867లో వేటగాళ్ళు తెచ్చారంటారు, మాట్లాడడం ఎప్పటికీ రాలేదు. మోగ్లీకి వీడే మూలం అని ఇంటర్నెట్ నిండా రాస్తారు, అది ఊహే, కిప్లింగ్ ఎక్కడా అలా చెప్పలేదు. 1920లో మిడ్నాపూర్ దగ్గర ఒక పాదిరీ కమల, అమల అని ఇద్దరు ఆడపిల్లల్ని తోడేళ్ళ దగ్గర్నుంచి తెచ్చానన్నాడు, చిన్నది మరుసటి ఏడే పోయింది, పెద్దది 1929లో పోయింది. మన సైకాలజీ పుస్తకాల్లో కూడా ఆ కథ ఎక్కేసింది, కానీ తర్వాత లోతుగా చూసినవాళ్ళు ఆయన రాసింది చాలావరకు నమ్మలేమన్నారు. ఆ పిల్లలు పుట్టుకతో ఏదో ఇబ్బంది ఉండి, కన్నవాళ్ళు వదిలేసిన వాళ్ళయి ఉండొచ్చు అని డాక్టర్ల అనుమానం.

లెక్క కూడా కుదరదు సార్. తోడేలు పిల్లలు రెండు నెలలకల్లా పాలు మానేస్తాయి, మనిషి బిడ్డకి ఏడాది దాటినా పాలు కావాలి, పైగా తోడేళ్ళు ఒక్కచోట ఉండవు, బిడ్డ వాటితో పరిగెత్తాలి. కిప్లింగ్‌కి ఇది తెలుసో ఏమో, మోగ్లీని అప్పుడే నడక నేర్చిన బిడ్డగా గుహ దగ్గరికి తెచ్చాడు, పొత్తిళ్ళలో కాదు. క్లాసులో ఒక పని చేయండి, మీ చుట్టుపక్కల గొర్రెలు మేపే ఇళ్ళ పిలకాయలుంటే తోడేలు గురించి వాళ్ళ తాతల్ని అడిగి రాసుకురమ్మనండి. పుస్తకంలో తోడేలు ఒకలాగ, మందకాడ తోడేలు ఇంకోలాగ ఉంటుంది, ఆ పీరియడ్ పిల్లలు మర్చిపోరు.

అవ్వగా అడుగుతున్నా తల్లీ, ఇంగ్లీషోళ్ళ కథలే ఎందుకు, మన పురాణాల్లో లేవా ఇట్లాంటివి? — శ్రీకాళహస్తి

లేకేం అవ్వా, బోలెడు. శకుంతలని కన్నవాళ్ళు వదిలేసి పోతే కణ్వమహర్షి వచ్చేదాకా పక్షులే చుట్టూ చేరి కాచాయి. ఆమె కొడుకు భరతుడైతే చిన్నప్పుడే సింహాల్ని పట్టుకుని ఆడుకున్నాడు. ఋష్యశృంగుడు అడివిలో జింకల మధ్య పెరిగి ఆడమనిషి అంటే ఏందో తెలీకుండా ఉన్నాడు. ఇంక మీ ఊరి తిన్నడి గురించి నేను మీకు చెప్పేదేముంది. మీ మనవళ్ళకి మీరు ఇవి చెప్పండి, అమ్మావాళ్ళు మోగ్లీ చదువుతారు, రెండూ పిల్లలకి కావాలి.

అక్కా, మాది పలమనేరు పక్కన పల్లె. మా వాడు ఏడో తరగతి, లైబ్రరీ నుంచి రెండో జంగిల్ బుక్ తెచ్చుకుని మోగ్లీ ఏనుగులతో ఒక ఊరిని నాశనం చేయించే కథ చదివి "సూపర్ నాన్నా" అంటాడు. మా చెరుకు, టమోటా ఏనుగులు తొక్కి ఆర్నెల్లు కాలేదు. వాణ్ణి కొట్టాలనిపించింది. ఈ కథలు పిల్లలకి అవసరమా? — ఒక రైతు

అన్నా, మీ కోపంలో తప్పేమీ లేదు. రాత్రంతా టపాకాయలు కాలుస్తూ చేను దగ్గర కూర్చునే మనిషికి ఆ కథ సూపర్‌గా ఎట్లుంటుంది.

మిగతా వాళ్ళ కోసం కథ చెప్తా. మోగ్లీకి కొన్నాళ్ళు అమ్మగా ఉన్న మెస్సువాని, ఆమె మొగుణ్ణి ఊరోళ్ళు మంత్రగాళ్ళని కట్టేసి కాల్చాలనుకుంటారు, వాళ్ళ బర్రెలు, భూమి పంచుకోవచ్చని లోపల ఆశ. మోగ్లీ వాళ్ళని తప్పించి పంపించేస్తాడు, తర్వాత హాథీ అనే ముసలి ఏనుగుని, దాని ముగ్గురు కొడుకుల్ని పిలిచి ఈ ఊరి మీదికి అడివిని వదలమంటాడు. మనిషి నెత్తురు మాత్రం వద్దంటాడు. జింకలు, పందులు, ఏనుగులు ఒకదాని తర్వాత ఒకటి పంటల మీద పడతాయి, గింజలు దాచిన గాదెలు పగలగొడతాయి, ఊరోళ్ళు ఆకలికి ఊరొదిలి పోతారు, వానలకి మిగిలిన గోడలు కూలి ఊరు మొత్తం పచ్చగా అడివైపోతుంది. హాథీకి ఆ పని కొత్త కాదు, అంతకుముందు గుంతలో గుచ్చిన కర్ర మీద పడి గాయమై, తప్పించుకుని పోయి భరత్‌పూర్ వైపు ఊళ్ళ పొలాలు నాశనం చేసి వచ్చింది.

నా ఉద్దేశం అడిగితే ఆ రెండు పుస్తకాల్లో అన్నిటికన్నా గొప్ప కథ ఇదే, అన్నిటికన్నా దుర్మార్గమైన కథ కూడా ఇదే. ఇద్దర్ని కాల్చాలనుకున్నందుకు ఊరంతా ఆకలికి పోవాలా, అందులో ఏ పాపం తెలీని ముసలోళ్ళు, చంటిబిడ్డలు లేరా అంటే కిప్లింగ్ జవాబు చెప్పడు. రైతు వైపు నుంచి ఆ కథ ఎవరూ రాయలేదు. మీ వాడు రాయగలడు అన్నా, నిజంగానే చెప్తున్నా. ఏనుగు వచ్చిన రాత్రి మీ ఇంట్లో ఏం జరిగింది, అవ్వ ఏమనింది, పొద్దున్నే చేను ఎట్లుండాది, అన్నీ వాడు చూసినవే.

వాడికి ఇంకో సంగతి కూడా చెప్పండి. మన వైపు అడివిలో ఏనుగులు తాతల కాలం నుంచి ఉన్నవి కావు, 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడివుల నుంచి వచ్చి ఇక్కడ నిలిచిపోయాయి, వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం పెట్టారు. అవి పగబట్టి రావు, అడివి ఇరుకు, వాటి దారిలో మన చేలు, అడివి మేతకన్నా చెరుకు రుచి. కథలో హాథీకి పగ ఉంది కాబట్టి అది సూపర్, మీ చేన్లోకొచ్చిన దానికి ఆకలి మాత్రమే ఉంది కాబట్టి ఎవరి మీదా కోపం కూడా సరిగ్గా పడలేం, ఆ బాధే వేరు. పుస్తకం మాత్రం లాక్కోవద్దు, మీరూ ఆ కథ ఒకసారి చదవండి, ఇద్దరూ పోట్లాడుకోండి, ఇంట్లో పుస్తకం మీద పోట్లాట అయితే నేను సంతోషిస్తా.

మేడమ్, ఎస్వీయూలో పీజీ చేస్తున్నా. కిప్లింగ్ సామ్రాజ్యవాది, మన దేశాన్ని చిన్నచూపు చూసినవాడు. అలాంటి రచయితని పిల్లలకి రికమెండ్ చేయడం మీకు ఇబ్బందిగా లేదా? — తిరుపతి

ఉంది. 1899లో తెల్లోడి బరువు అంటూ, మిగతా జాతుల్ని ఏలడం తెల్లోళ్ళ బాధ్యత అని పద్యం రాసినాయన మీద నాకు ప్రేమ పుట్టుకురావాలంటే కష్టమే. జంగిల్ బుక్‌లో కూడా ఆ వాసన ఉంది, పల్లెటూరోళ్ళంతా మూర్ఖులు, సొల్లు చెప్పే వేటగాడు బుల్దేవ్ ఒక జోకరు, న్యాయం కావాలంటే ఇంగ్లీషోళ్ళున్న ఊరికి పారిపోవాలి. 1893లోనే పెద్దోళ్ళ కోసం రాసిన మొదటి మోగ్లీ కథలో అయితే మోగ్లీ చివరికి తెల్లదొర కింద ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగంలో చేరతాడు, అడివికే రాజులాంటోడు జీతానికి కుదిరాడు, ఇంతకన్నా చెప్పేదేముంది.

కానీ ఇంకో వైపు కూడా చూడు బాబూ. ఆయన పుట్టింది బొంబాయిలో, 1865లో. ఆయా చేతుల్లో హిందుస్తానీ మాట్లాడుతూ పెరుగుతున్న పిల్లోణ్ణి ఇంకా ఆరేళ్ళు నిండకముందే ఇంగ్లండ్ తీసుకుపోయి ముక్కూమొహం తెలీని ఇంట్లో వదిలేసి తల్లిదండ్రులు వెనక్కి వచ్చేశారు, ఆ ఇంట్లో తిట్లు, దెబ్బలు చాలా తిన్నాడు. మళ్ళీ 16 ఏళ్ళకి లాహోర్ వచ్చి పేపర్లో పనిచేశాడు. ఇక్కడి వాడు కాదు, అక్కడి వాడూ కాలేదు. తోడేళ్ళు "నువ్వు మనిషివి పో" అని, మనుషులు "నువ్వు తోడేలువి పో" అని రాళ్ళేసే పిల్లోడి కథ ఆయనకి ఎక్కడ్నుంచి వచ్చిందో నాకు అక్కడ అర్థమైంది. ఇంకా తమాషా ఏందంటే కథ జరిగే మధ్యప్రదేశ్ సివనీ కొండలు, ఇప్పటి పెంచ్ టైగర్ రిజర్వ్ వైపు, ఆయన ఎప్పుడూ చూడలేదు, అమెరికాలో వెర్మాంట్ మంచులో కూర్చుని మన ఎండాకాలం రాశాడు. ఇవన్నీ పక్కనే చెప్తూ చదివించమంటున్నా, కళ్ళు మూసుకుని కాదు. నీలాంటోళ్ళు ఎవరైనా ఫుట్‌నోట్లతో మంచి తెలుగు చేస్తే ఇంకా బాగుంటుంది, ఆయన 1936లో పోయాడు, మన దేశంలో కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

అక్కా, రెండో జంగిల్ బుక్‌లో చివరి కథ చదివి మా అమ్మాయి గంటసేపు ఏడ్చింది. మోగ్లీ ఎందుకు వెళ్ళిపోయాడు? ఆ ఎద్దు సంగతేంది, నాకూ అర్థం కాలేదు. — చిత్తూరు

ఏడవనీ అమ్మా, అక్కడ ఏడుపు రాకపోతేనే డౌట్ పడాలి. అప్పటికి మోగ్లీకి 17 దగ్గర, వసంతం వచ్చి అడివంతా ఎవరి గోలలో వాళ్ళుంటే వీడికి మాత్రం ఏమీ తోచదు, ఏమైందో తెలీదు, అన్నం సయించదు. మన ఇళ్ళల్లో టెన్త్, ఇంటర్ పిల్లల్ని చూడట్లేదా, అదే. ఎవరూ తరమలేదు, తనే పోవాల్సిన టైమ్ వచ్చింది.

ఎద్దు సంగతి మొదటి కథలో ఉంది. చిన్న మోగ్లీని గుంపులో చేర్చుకోవాలంటే తోడేళ్ళ సభలో అమ్మానాన్నా కాకుండా ఇద్దరు వాడి తరఫున మాట్లాడాలి. బాలూ మాట్లాడింది. బగీరాకి సభలో మాట్లాడే హక్కు లేదు, అందుకని అప్పుడే చంపిన ఒక ఎద్దుని వెలగా ఇచ్చి పిల్లోడి ప్రాణం కొనింది. అందుకే పెరిగినన్నాళ్ళూ మోగ్లీ పశువుల్ని ముట్టుకోకూడదు. చివర్లో అందరూ వీడ్కోలు చెప్తుంటే బగీరా ఆలస్యంగా వస్తుంది, ఇంకో ఎద్దుని కొట్టి వచ్చానంటుంది, బాకీ తీరిపోయింది, ఇంక నువ్వు ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు పో అని. పెంచినవాళ్ళే బాకీ కూడా కట్టేసి పంపిస్తున్నారన్నమాట. బిడ్డల్ని బెంగళూరుకో, అమెరికాకో పంపి "నీ కోసం ఎంత చేశాం" అని ఫోన్లో లెక్కలు చదివే మనలాంటోళ్ళం ఆ పేజీ రెండుసార్లు చదవాలి. అమ్మాయితో ఈ ఎద్దు ముక్క మాట్లాడండి, ఏడుపు తగ్గుతుంది.

ఒరిజినల్ పుస్తకం ఏదో ఎట్ల కనుక్కోవాలి? షాపులో పది రకాలు ఉన్నాయి. — పుత్తూరు

పుస్తకం తెరిచి విషయసూచిక చూడండి. తెల్ల సీల్, ముంగిస కథలు ఉండి, కథకీ కథకీ మధ్య పాటలుంటే పూర్తిది. బొమ్మల్తో పలచగా ఉండి మొత్తం మోగ్లీయే అయితే కుదించింది. ఫోన్లో చదివేటట్టయితే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో రెండు భాగాలూ ఉచితంగా దొరుకుతాయి, షాపులో డబ్బులు పెట్టేముందు అందులో ఒక కథ పిలకాయలకి చదివి చూడండి, నచ్చితే అప్పుడు కొనండి.